వైరల్ లోడ్ కనబడటం లేదు, సీడీ4 మాత్రం 310 దాటడం లేదు: ఇమ్యూనిటీ పొడి వాడాలా?

బాబూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అన్నయ్య హెచ్‌ఐవీకి నాలుగేళ్లుగా ఏఆర్‌టీ మందులు వేసుకుంటున్నారు, ఒక్క పూట కూడా తప్పలేదు. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క) కనబడటం లేదని రెండేళ్లుగా రిపోర్టు వస్తోంది. మొదట్లో 64 ఉన్న సీడీ4 కౌంట్ (రోగనిరోధక కణాల లెక్క) మెల్లగా 310 దాకా వచ్చి, ఏడాదిన్నరగా అక్కడక్కడే తిరుగుతోంది. మొన్న 288 అని చూసేసరికి ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంది. ఆ టెన్షన్‌లో ఉండగానే తెలిసినాయన ఒకరు వచ్చి, "కణాలకు సిగ్నల్ అందడం లేదు, ఈ పొడి వాడితే ఇమ్యూనిటీ లేస్తుంది" అంటూ నెలకు 4,500 రూపాయల డబ్బా చూపించారు. కొనాలా వద్దా, అసలు కణాలకు సిగ్నల్ ఏమిటి అన్నది మీ ప్రశ్న. చివర్లో, అమ్మగారు ఆయనకు కంచం, గ్లాసు వేరుగా పెడుతున్నారని ఒక్క మాట రాసి వదిలేశారు. దాని దగ్గరికి కూడా వస్తాను.

పొడి కొనొద్దు. సిగ్నల్ అందడం లేదన్న మాటే తప్పు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ఒంట్లో సిగ్నళ్లు అవసరానికి మించి, ఆగకుండా మోగుతూ ఉంటాయి. ఆ రొద తగ్గాలి. దాన్ని ఇంకాస్త లేపేదేదీ మనకు అక్కర్లేదు. ఎందుకలా అంటున్నానో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాదు. మైక్రోబయాలజీ చదివి గుంటూరులో, తర్వాత విజయవాడలో కలిపి ఇరవై రెండేళ్లు ల్యాబ్‌లో పని చేశాను. అందులో ఎక్కువ కాలం సీడీ4 లెక్కలు తీసే మెషీన్ దగ్గరే గడిచింది. మందు మార్చడం, కొత్తది కలపడం లాంటివి మీ ఏఆర్‌టీ సెంటర్ డాక్టర్ నిర్ణయించాలి. ఆ అంకె వెనక ఒంట్లో ఏం జరుగుతుందో మాత్రం నేను చెప్పగలను.

ముందు ఆ 288 సంగతి తేల్చేద్దాం. సీడీ4 కౌంట్ ఒకే మనిషికి పగటిపూట తక్కువగా, రాత్రయ్యేసరికి ఎక్కువగా ఉంటుంది. జలుబు చేసినా, జ్వరం వచ్చి తగ్గినా, రక్తం తీశాక ట్యూబ్ ఎక్కువసేపు పక్కన ఉండిపోయినా మారుతుంది. ఐదో వంతు అటూ ఇటూ కావడం మాకు రోజూ కనిపించేదే. 310, 288 నా కళ్లకు ఒకటే అంకె. ఇంకో సంగతి, సీడీ4 కణాలు చేరిన లింఫోసైట్లనే తెల్ల కణాల్లో రక్తంలో తిరిగేవి సుమారు 2 శాతమే. మిగతావన్నీ లింఫు గ్రంథుల్లో, పేగుల గోడల్లో, ప్లీహంలో ఉంటాయి. బెంజ్ సర్కిల్ దగ్గర ఓ పావుగంట నిలబడి, పోయే బళ్లను లెక్కపెట్టి బెజవాడ మొత్తం ట్రాఫిక్‌ని అంచనా వేయడం లాంటిదే మా కౌంట్. పనికొచ్చే అంచనాయే. కానీ పది బళ్లు తగ్గాయని ఊరు ఖాళీ అయిందనుకోకూడదు.

ఇక సిగ్నల్ అంటే ఏమిటో చూద్దాం. సీడీ4 కణం సూక్ష్మజీవిని తన చేత్తో చంపదు. అది మిగతా కణాలకు కబురు చెప్పే కణం. ఒంట్లోకి ఏదన్నా క్రిమి వస్తే, కాపలా కణం ఒకటి దాన్ని ముక్కలు చేసి, ఒక ముక్కను తన పైపొర మీద పెట్టుకుని లింఫు గ్రంథికి వెళ్తుంది. అక్కడ వేలాది టీ కణాల్లో (సీడీ4 కణాలు వాటిలో ఒక రకం) ఆ ముక్కను గుర్తుపట్టగలిగేది ఏదో ఒకటి ఉంటుంది. ఆ టీ కణం తన గ్రాహకంతో, అంటే కబురు అందుకునే ప్రోటీన్‌తో, ముక్కను పట్టుకుంటుంది, పక్కనుంచి సీడీ4 అనే ప్రోటీన్ కూడా పట్టు బిగిస్తుంది. సీడీ4 ప్రోటీన్ తోక కణం లోపలికి ఉంటుంది. ఆ తోకకు ఎల్‌సీకే అనే ఎంజైమ్ అంటుకుని ఉంటుంది. పట్టు బిగియగానే ఎల్‌సీకే మేల్కొంటుంది, అది జాప్-70 అనే దాన్ని లేపుతుంది, అది ఇంకోదాన్ని. కాసేపట్లో కణం లోపల కాల్షియం పొంగుతుంది. చివరికి ఎన్‌ఎఫ్-కప్పా బీ, ఎన్‌ఫ్యాట్ లాంటి ప్రోటీన్లు కేంద్రకంలోకి వెళ్లి, అప్పటిదాకా మూసి ఉన్న జన్యువులను తెరుస్తాయి.

ఇంత జరగడానికి గ్రాహకం పట్టుకోవడం ఒక్కటే చాలదు. సీడీ28 అనే రెండో ప్రోటీన్‌కి కూడా కాపలా కణం నుంచి 'అవును, ఇది నిజంగా ప్రమాదమే' అన్న సైగ రావాలి. బ్యాంకు లాకర్‌కి మన తాళంచెవి ఒకటి, బ్యాంకువాళ్ల తాళంచెవి ఒకటి ఉంటుంది చూడండి, అలాగ. రెండోది తిరక్కపోతే ఆ కణం ఊరుకుండిపోతుంది. అనవసరంగా లేవకుండా ఒంట్లో ఇంత జాగ్రత్త ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే హెచ్‌ఐవీ చెడగొట్టేది సరిగ్గా ఈ జాగ్రత్తనే.

లేచిన కణం బయటికి కబుర్లు పంపుతుంది. ఇంటర్‌ల్యూకిన్-2 అంటే 'పిల్లలను పెట్టండి, సంఖ్య పెంచండి' అని. ఇంటర్‌ఫెరాన్ గామా అంటే 'నీ పొట్టలో దాక్కున్న క్రిమిని చంపెయ్' అని క్రిములను మింగే మాక్రోఫేజ్ కణానికి చెప్పడం. మన దగ్గర హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు అన్నిటికన్నా ముందు టీబీ ఎందుకు వస్తుందంటే ఇదే కారణం. టీబీ క్రిమి మాక్రోఫేజ్ లోపలే కాపురం పెడుతుంది. దాన్ని చంపమని చెప్పే గొంతు తగ్గిపోతే మాక్రోఫేజ్ చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఇవి కాక కీమోకైన్లని ఇంకో రకం కబుర్లున్నాయి, 'ఇటు రండి' అని దారి చూపేవి. వాటిని వినడానికి కణాల మీద సీసీఆర్5, సీఎక్స్‌సీఆర్4 అనే గ్రాహకాలుంటాయి.

ఇప్పుడు వైరస్ ఎక్కడ పట్టుకుంటుందో చూడండి. తలుపు తీసుకోవడానికి అది సీడీ4 ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. రెండో గడియగా సీసీఆర్5ని గానీ, సీఎక్స్‌సీఆర్4ని గానీ పట్టుకుంటుంది. రెండూ కబుర్లు వినే పరికరాలే. ఈ రెండో గడియ సంగతి 1996లో బయటపడింది. సీసీఆర్5 పుట్టుకతోనే లోపించినవాళ్లకు ఆ దారి వాడే వైరస్ దాదాపుగా అంటదని కూడా అప్పుడే తెలిసింది. 'బెర్లిన్ పేషెంట్' అని పేపర్లలో వచ్చిన తిమోతీ రే బ్రౌన్‌కు లుకేమియా (రక్త క్యాన్సర్) చికిత్స కోసం 2007లో మూలుగ మార్పిడి చేసినప్పుడు, అలాంటి లోపం ఉన్న దాతనే వెతికి పట్టుకున్నారు. ఆయన రక్తంలో హెచ్‌ఐవీ మళ్లీ కనబడలేదు. ప్రాణం మీదికి తెచ్చే అలాంటి చికిత్స అందరికీ చేసేది కాదు, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోమని చెప్పడం లేదు. సిగ్నల్ వినే చిన్న గ్రాహకం ఎంత ముఖ్యమో చూపడానికే చెప్పాను.

లోపలికి వెళ్లాక వైరస్ తన జన్యువులను మన డీఎన్‌ఏలో అతికించేస్తుంది. ఆ అతుకు మొదట్లో ఒక స్విచ్చు ఉంటుంది. ఆ స్విచ్చు నొక్కేది ఎవరో తెలుసా? ఇందాక చెప్పిన ఎన్‌ఎఫ్-కప్పా బీ, ఎన్‌ఫ్యాట్‌లే. క్రిమి వచ్చిందని మన కణం మేల్కొంటే, ఆ మేల్కొలుపుతోనే వైరస్ కూడా లేచి తన నకళ్లు తీసుకోవడం మొదలుపెడుతుంది. మందులు వాడనివాళ్లలో టీబీ గానీ మలేరియా గానీ వచ్చినప్పుడు వైరల్ లోడ్ పెరగడం వెనక ఉన్నది ఇదే. చికిత్స లేకపోతే ఒక మనిషి ఒంట్లో రోజుకు వెయ్యి కోట్ల దాకా కొత్త వైరస్‌లు పుడతాయని 1996లోనే లెక్కగట్టారు. 'కణాలను లేపే' పొడి అని ఎవరన్నా అన్నప్పుడల్లా నాకు గుండె గుభేలుమనేది ఇందుకే. ఆ పొడి నిజంగా అన్నంత పనీ చేస్తే అది భయపడాల్సిన విషయం. చేయకపోతే డబ్బు దండగ.

మరి కణాలు అన్నన్ని ఎలా చచ్చిపోతాయి? వైరస్ దూరిన ప్రతి కణమూ వైరస్ వల్లే చస్తుందని చాలాకాలం అనుకున్నాం. 2014లో వచ్చిన పరిశోధన నా ఆలోచనే మార్చేసింది. లింఫు గ్రంథుల్లో చనిపోయే సీడీ4 కణాల్లో నూటికి 95కి పైగా, వైరస్‌ను తయారుచేస్తున్నవే కావట. వైరస్ దూరబోయి పని మధ్యలో ఆగిపోయిన కణాలవి. లోపల అరకొరగా మిగిలిన వైరస్ డీఎన్‌ఏ ముక్కలను చూసి, కణం తనను తానే పేల్చుకుంటుంది. దాన్ని పైరాప్టోసిస్ అంటారు, అంటే మంట లేపుతూ చావడం. పోతూ పోతూ ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే కబురు విసిరేస్తుంది. 'ఇక్కడ మంట, రండి' అని. వచ్చిన కొత్త కణాలు కూడా అదే ఉచ్చులో పడతాయి. అంటే చాలా నష్టం మన సైరన్ వల్లే జరుగుతోంది.

అన్నిటికన్నా పెద్ద నష్టం పేగుల్లో జరుగుతుంది. సోకిన మొదటి కొన్ని వారాల్లోనే పేగు గోడల్లో ఉన్న సీడీ4 కణాలు చాలావరకు తుడిచిపెట్టుకుపోతాయి. పేగు గోడను గట్టిగా ఉంచమని చెప్పే ఇంటర్‌ల్యూకిన్-17, ఇంటర్‌ల్యూకిన్-22 కబుర్లు పంపేవి కూడా అవే. అవి పోయాక గోడకు సందులు పడతాయి. పేగులో ఉండాల్సిన బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి కారుతూనే ఉంటాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ మీద 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు పోతుంటే ఊరంతా కృష్ణమ్మ వైపు చూస్తూ కూర్చున్నాం. సింగ్‌నగర్‌ని ముంచింది మాత్రం బుడమేరుకు పడ్డ గండ్లు. పేగు గోడ కూడా అంతే. రక్తంలో వైరస్ తగ్గిందని మనం అటే చూస్తుంటాం. ఇటునుంచి మెల్లగా ఊరుతూ, రోగనిరోధక వ్యవస్థను ఏళ్ల తరబడి నిద్రపోనివ్వనిది ఈ గండి. మందులతో చాలావరకు పూడుతుంది, అందరికీ పూర్తిగా పూడదు.

ఈ రొదే అసలు జబ్బు అని నన్ను నమ్మించింది కోతులు. పశ్చిమ ఆఫ్రికాలో సూటీ మాంగబీ అనే కోతులున్నాయి. హెచ్‌ఐవీకి చుట్టం లాంటి ఎస్‌ఐవీ అనే వైరస్ వాటిలో చాలా మామూలు. మనుషులకు వచ్చే హెచ్‌ఐవీ-2 కూడా వీటినుంచే వచ్చింది. ఈ కోతుల రక్తంలో వైరస్ లోడ్ బాగా ఎక్కువగా ఉంటుంది, మందులు లేని మనిషిలో ఉన్నంత. అయినా వాటికి ఎయిడ్స్ రాదు. మామూలుగా పిల్లల్ని కని, పూర్తి ఆయుష్షు బతుకుతాయి. మన దేశంలో కనిపించే రీసస్ కోతికి ఆ కుటుంబపు వైరస్ ఎక్కిస్తే మాత్రం చిక్కిపోయి చచ్చిపోతుంది. తేడా ఎక్కడుందని వెతికితే సిగ్నళ్లలో దొరికింది. వైరస్ వచ్చిన కొత్తలో రెండు రకాల కోతుల్లోనూ ఇంటర్‌ఫెరాన్ కబుర్లు ఒకేలా మోగుతాయి. మాంగబీలో కొద్ది వారాల్లో ఆ గోల సద్దుమణుగుతుంది. రీసస్‌లో మోగుతూనే ఉంటుంది. మాంగబీ పేగు గోడ చెక్కుచెదరదు. వైరస్ రెంటిలోనూ ఉంది, ఒకటి హాయిగా తిరుగుతోంది, ఇంకోటి చస్తోంది. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు, మెషీన్ దగ్గర కూర్చుని ఎన్నో రిపోర్టులు గుర్తుచేసుకున్నాను. వైరస్ ఒకేలా ఉండీ ఒకరు త్వరగా పడిపోవడం, ఇంకొకరు పదేళ్లు నిలబడటం ఎందుకో కొంత అర్థమైంది.

రోజూ మోగే సైరన్‌ను ఎవరైనా ఎంతకాలం పట్టించుకుంటారు? మీరు గుంటూరువారే కాబట్టి మిర్చి యార్డుకు వెళ్లే ఉంటారు. కొత్తగా వెళ్లినవాడికి గేటు దగ్గరే దగ్గు, తుమ్ములు, కళ్లలో నీళ్లు. ఏళ్ల తరబడి అక్కడ బస్తాలు మోసేవాళ్లు ఆ ఘాటులోనే కూర్చుని అన్నం తింటారు. ఘాటు తగ్గలేదు, ఒళ్లు స్పందించడం మానేసింది. వైరస్ సోకిన కణాలను చంపాల్సిన సీడీ8 కణాలకు అదే జరుగుతుంది. శత్రువు ముక్క ఏళ్ల తరబడి కళ్లెదురుగా ఉంటే, అవి తమ మీద పీడీ-1 అనే బ్రేకును తెచ్చిపెట్టుకుంటాయి. హెచ్‌ఐవీని గుర్తుపట్టే సీడీ8 కణాల్లో ఈ బ్రేకు ఎంత ఎక్కువుంటే వైరల్ లోడ్ అంత ఎక్కువ, సీడీ4 అంత తక్కువ అని 2006లో తేలింది. క్యాన్సర్ చికిత్సలో ఈ బ్రేకును వదిలించే మందులు వచ్చాయి, 2018 నోబెల్ బహుమతి ఆ పనికే ఇచ్చారు. హెచ్‌ఐవీకి ఇంకా పరిశోధనల్లోనే ఉన్నాయి, బయట కొనుక్కుని వాడేవి కావు. కొట్టినకొద్దీ ఇంకా మొద్దుబారే కణాలను, ఇంకా కొట్టి లేపాలనుకోవడం పొరపాటని చెప్పడానికే ఇదంతా.

మీ అన్నయ్య వేసుకునే మాత్ర ఏం చేస్తుంది? అందులో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ ఉన్నాయని రాశారు. మొదటి రెండూ వైరస్ తన జన్యువులను డీఎన్‌ఏగా మార్చుకోకుండా ఆపుతాయి. మూడోది మన డీఎన్‌ఏలో అతుక్కోకుండా ఆపుతుంది. కొత్త కణాలు సోకడం ఆగిపోతుంది. సైరన్ మోగించే కారణం పోతుంది కాబట్టి కణాలు నెమ్మదిస్తాయి, బ్రేకులు సడలుతాయి, సంఖ్య కోలుకుంటుంది. నన్నడిగితే, ఇమ్యూనిటీ మందు అని పేరు పెట్టదగ్గది ఇదొక్కటే. ఏఆర్‌టీ మందులను 2004 ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది.

అంతకుముందే వైరస్ దూరి నిద్రపోతున్న కణాలు మాత్రం మిగిలే ఉంటాయి. వాటిని 1997లో కనిపెట్టారు. అవి సగానికి తగ్గడానికే సుమారు 44 నెలలు పడుతుంది, మొత్తం పోవాలంటే 70 ఏళ్లకు పైనే. కౌంట్ బాగుంది కదా అని మాత్ర ఆపితే ఏమవుతుందో 2006లో స్మార్ట్ అనే పెద్ద ట్రయల్ చూపించింది. 5,472 మందిలో సగం మందికి, సీడీ4 350 దాటినప్పుడు మందు ఆపి, 250 కన్నా తగ్గితే మళ్లీ మొదలెట్టారు. ఆపినవాళ్లలో జబ్బులు, చావులు కలిపి చూస్తే రెట్టింపుకు మించి వచ్చాయి. అందరూ ఎయిడ్స్ జబ్బులతోనే కాదు, గుండె, కాలేయం, మూత్రపిండాల జబ్బులతో కూడా పోయారు. మందు ఆగిన నెలలోపే రక్తంలో మంటను, గడ్డకట్టడాన్ని చూపే ఇంటర్‌ల్యూకిన్-6, డీ-డైమర్ లాంటివి ఎగబాకాయి. రొద మళ్లీ మొదలైందన్నమాట.

మీరు ఇంకో మాట రాశారు, మందులు మొదలెట్టిన రెండో నెలలో మెడ దగ్గర గడ్డలు వాచి, జ్వరం వచ్చి, టీబీ మందులు కూడా వాడాల్సి వచ్చిందని. 'మందు పడలేదేమో' అని అప్పుడు భయపడ్డారు. అది మందు పడకపోవడం కాకపోవచ్చు. 64 కౌంట్‌తో మొదలెట్టినవాళ్లలో ఇది తరచుగా చూశాం. ఒంట్లో ముందే దాగి ఉన్న టీబీని గుర్తుపట్టే కణాలు అప్పటిదాకా లేవు. మందుతో అవి తిరిగి రాగానే, ఒక్కసారిగా దాని మీద పడ్డాయి. వాపు ఆ గొడవ వల్ల వచ్చినదే. అప్పుడు ఏఆర్‌టీ ఆపకుండా ధైర్యంగా కొనసాగించారు చూడండి, ఆ నిర్ణయం వల్లే ఈ రోజు మనం 310 గురించి మాట్లాడుకుంటున్నాం.

మరి 310 దగ్గర ఎందుకు ఆగింది? 64 దాకా పడిపోవడమే పెద్ద కారణం. ఏళ్ల తరబడి మంట రేగిన లింఫు గ్రంథుల్లో మచ్చలు పడతాయి, కాలిన గాయం మానాక చర్మం బిగిసినట్టు. కొత్త టీ కణాలు బతకడానికి కావలసిన ఇంటర్‌ల్యూకిన్-7 ఆ గ్రంథుల్లోని సన్నని వలలాంటి అల్లిక మీదే దొరుకుతుంది. ఆ అల్లిక దెబ్బతింటే కణాలు పుట్టినా నిలదొక్కుకోవడానికి చోటుండదు. దానికి తోడు టీ కణాలను తయారుచేసే థైమస్ వయసుతో కుంచించుకుపోతుంది. నలభై ఆరేళ్ల మనిషికి ఇరవై ఏళ్లవాడిలా పెరగదు. వైరల్ లోడ్ కనబడకుండా ఉన్నంతకాలం, 64 నుంచి 310కి వచ్చిన మనిషి ప్రమాదపు గీత అయిన 200ని దాటి చాలా దూరం వచ్చినట్టే.

కౌంట్‌ను కృత్రిమంగా పెంచి చూద్దామనుకున్నవాళ్లు లేకపోలేదు. పొడులతో కాదు, అసలు సిగ్నల్‌తోనే. స్వచ్ఛమైన ఇంటర్‌ల్యూకిన్-2ను ఇంజెక్షన్‌గా ఇచ్చి, ఎస్ప్రిట్, సిల్‌క్యాట్ అనే రెండు ట్రయల్స్‌లో కలిపి 5,000 మందికి పైగా మనుషులను ఏళ్ల తరబడి గమనించారు. ఫలితాలు 2009లో వచ్చాయి. సీడీ4 కౌంట్ చక్కగా పెరిగింది. జబ్బులు మాత్రం తగ్గలేదు, చావులు తగ్గలేదు. అంకె పెరిగింది, మనిషికి ఒరిగింది లేదు. ఆ పొడి పట్టుకొచ్చినాయన నిజంగానే కౌంట్ పెరిగిన రిపోర్టు చూపించినా సరే, ఈ సంగతి గుర్తుచేసుకోండి.

పొడితో ఇంకో ప్రమాదం ఉంది. ఇలాంటి డబ్బాల్లో కాల్షియం, ఐరన్, జింక్ కలుపుతారు, కొన్నింట్లో భస్మాల పేరుతో లోహాలుంటాయి. ఇవి డోలుటెగ్రావిర్‌ను పేగులోనే కట్టిపడేస్తాయి, మందు రక్తంలోకి సరిగా ఎక్కదు. గ్యాస్‌కి తాగే యాంటాసిడ్ సిరప్‌లూ అంతే. మాత్ర వేసుకున్నాక రెండు గంటలు ఆగి వాటిని తీసుకోవాలి, వాటిని ముందు తీసుకుంటే ఆరు గంటలు గడిచాక మాత్ర వేసుకోవాలి. డాక్టర్ రాసిన కాల్షియం, ఐరన్ అయితే భోజనంతో పాటు ఈ మాత్రతో కలిపి వేసుకోవచ్చు. టెనోఫోవిర్ వాడేవాళ్లు మూత్రపిండాలను ఎలాగూ కాచుకోవాలి, వాటి మీద తెలియని లోహాల బరువు కూడా పెట్టడం ఎందుకు?

ఒకాయన సంగతి చెప్పి ముందుకెళ్తాను. మిర్చి కోతలకు వెళ్లే మనిషి. కౌంట్ 410 దాకా వచ్చింది. ఎవరో ఇంగ్లిషు మందులు వేడి చేస్తాయని చెప్పి, ఏఆర్‌టీ మాన్పించి, ఏడాదిన్నర పాటు పొడులు ఇచ్చారు. తిరిగి వచ్చినప్పుడు ట్యూబ్ మీద నంబరు రాసింది నేనే, మెషీన్ 38 చూపించింది. నమ్మలేక రెండోసారి పెట్టాను, 36. అప్పటికే కంటి వెనక పొరకు వైరస్ ఇన్ఫెక్షన్ పట్టి ఎడమ కన్ను పోయింది. మళ్లీ మందులు మొదలెట్టి బతికారు. ఆయన భార్య నాతో "ఆ డబ్బులు అప్పు చేసి కట్టామమ్మా" అని అన్న గొంతు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రొద తగ్గించేవి ఇంట్లోనే చాలా ఉన్నాయి. అన్నయ్యకు సిగరెట్ అలవాటు ఉందని రాశారు. మొదట మానాల్సింది అది. వైరస్ అణిగి ఉన్నా, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు గుండెపోటు ప్రమాదం మామూలు మనిషి కన్నా ఎక్కువ, కారణం మిగిలిపోయిన ఈ మంటే. సిగరెట్ దానికి ఆజ్యం. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఏడాదికోసారి చూపించండి. 2023లో 7,769 మంది హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల మీద జరిగిన రిప్రీవ్ ట్రయల్‌లో, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన పిటావాస్టాటిన్ మాత్ర రోజూ వేసుకున్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయి. అందులో తీసుకున్నది 40 నుంచి 75 ఏళ్లవాళ్లను. అన్నయ్యకు 46 కాబట్టి, స్టాటిన్ అవసరమా అని డాక్టర్‌ని తప్పకుండా అడగండి, అడగకుండా మొదలెట్టొద్దు. పళ్ల చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే దంతాల డాక్టర్‌కి చూపించండి, అదీ నిత్యం మంట పుట్టించేదే. హెపటైటిస్-బీ పరీక్ష, టీకా సంగతి ఏఆర్‌టీ సెంటర్‌లోనే అడగండి. టీకాలంటే భయపడకండి, మందులు సరిగా వాడుతున్నవాళ్లకు అవి మేలే. రెండు వారాలు మించి దగ్గు, రాత్రి చెమటలు, బరువు తగ్గడం కనిపిస్తే మాత్రం వచ్చే నెల డేటు కోసం ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి.

ప్రైవేటులో నెలనెలా సీడీ4 చేయించడం కూడా ఆపేయండి. అది ఇంట్లో టెన్షన్ పెంచుతోంది తప్ప డాక్టర్ చేసే పనిని మార్చడం లేదు. మీరు చూడాల్సింది వైరల్ లోడ్. అది ఏడాదికోసారి చేస్తారు. రిపోర్టులో సీడీ8 కూడా ఉంటే సీడీ4ని దానితో భాగించి చూడండి. ఆ నిష్పత్తి ఏడాదికేడాది కొంచెం కొంచెంగా ఒకటి వైపు జరుగుతుంటే, లోపల రొద తగ్గుతోందని అర్థం.

ఒక్క జాగ్రత్త. 2024 వరదల్లో మాత్రలు నీళ్లపాలై, అడగడానికి మొహమాటపడి వారం పాటు ఊరుకున్నవాళ్లను చూశాను. అలాంటిదేదన్నా జరిగితే ఏ ఊళ్లో ఉన్నా దగ్గర్లోని ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లి బుక్ చూపించండి, లేదా 1097కి ఫోన్ చేయండి. గుంటూరు పెద్దాసుపత్రిలోనూ, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ సెంటర్లున్నాయి. ఇంట్లో పది రోజుల మాత్రలు వేరే డబ్బాలో, ఎత్తున పెట్టుకోండి.

ఇక కంచం మాట. ఎంగిలి వల్ల, గ్లాసు వల్ల, ఒకే పళ్లెంలో తినడం వల్ల హెచ్‌ఐవీ రాదు. మందు వాడని మనిషి విషయంలోనూ రాదు. మీ అన్నయ్య రక్తంలోనైతే వైరస్ కనబడటమే లేదు, అలా నిలకడగా ఉన్నవాళ్ల నుంచి భార్యాభర్తల మధ్య కూడా సోకదని పెద్ద పరిశోధనలు తేల్చాయి. అమ్మగారు ప్రేమతోనే చేస్తున్నారు, భయం వల్ల చేస్తున్నారు. ఆమెను కోప్పడకండి. వచ్చే నెల మందులకు వెళ్లేటప్పుడు ఆమెను కూడా తీసుకెళ్లి, కౌన్సిలర్ దగ్గర పావుగంట కూర్చోబెట్టండి. అప్పటిదాకా ఆగక్కర్లేదు కూడా. ఈ రాత్రి మీరే అన్నయ్య గ్లాసుతో ఆవిడ ముందు మంచినీళ్లు తాగండి.